ఎడమ కనుబొమ్మ

పందొమ్మిదేళ్ళుగా నా నోట్లోంచి వచ్చినవన్నీ ఊళ్ళ పేర్లే
మంగళగిరి, చినకాకాని, కాజ, నంబూరు
తిరిగొచ్చేటప్పుడు నంబూరు, కాజ, చినకాకాని
మధ్యలో చిల్లర, చిల్లర.

గవర్నరుపేటలో మూతపడ్డ ప్రెస్సు మేడమీద
ఆదివారం పూట జోజయ్య మాస్టారు
మెట్లెక్కి వచ్చినవాళ్ళకి ఒక ఉలి, ఒక టేకుముక్క ఇస్తారు.
ఫీజు అడిగితే
"ఎవరి టీ వాళ్ళు తెచ్చుకోండి" అంటారు.
నలభై ఏళ్ళు సీసపు అక్షరాలు కూర్చిన మనిషి,
ఇప్పటికీ పేపరు తలకిందులుగా పట్టుకున్నా చదివేస్తారు.

మొదటివారం నా పేరు చెక్కాను, నాంచారి అని.
సిరా పూసి, కాగితం పరిచి,
గరిటె వెనకవైపుతో రుద్ది లేపితే
ఎవరో పరాయి భాషామె పేరు.
మాస్టారు నవ్వలేదు.
"అంబులెన్సు మీద రాత చూళ్ళేదా అమ్మా" అన్నారు, అంతే.

రెండోవారం బొటనవేలు తెగింది.
ఆ పైవారం చెక్కలో ముడి అడ్డొచ్చి
ఉలిని తన దారిన లాక్కుపోయింది.
ఫుట్‌బోర్డు కుర్రాళ్ళని కేకలేసినట్టే దాన్నీ కేకలేశాను.
చెక్కకి కండక్టరంటే భయం లేదు.

తర్వాతి సంగతి చెప్పడం కష్టం.
ఇంట్లో గోడ అద్దం దించి తెచ్చి
ఎదురుగా పెట్టుకుని నన్ను నేను చెక్కుకున్నాను.
ముక్కు కావాలంటే ముక్కుని ముట్టకూడదు,
దాని చుట్టూ ఉన్నదంతా తీసెయ్యాలి.
ఎడమ కనుబొమ్మ మీద గాటు
(వారధి మీద సడన్ బ్రేకు పడ్డరోజు కమ్మీ కొట్టింది)
సన్న ఉలితో ఒక్క గీత,
అసలు దెబ్బకన్నా తేలిగ్గా పడింది.

కాగితం లేపాను.
గాటు అటు మారింది. పాపిట కూడా అటే.
పాడుచేశాననుకుని చింపబోయాను.
మాస్టారు కళ్ళజోడు పైకి నెట్టి
ఒకసారి కాగితాన్ని, ఒకసారి నన్ను చూసి
"సరిగ్గా నువ్వే" అన్నారు.

అద్దంలో ఉండేది
నేనొక్కదాన్నే చూసే మనిషి.
ఇది, రోజుకి ఆరు ట్రిప్పులు
చెయ్యి చాపి టికెట్టు అందుకుంటూ
జనం తలెత్తి చూసిన మొహం.
వాళ్ళకి ఇంత అలసటగా కనిపించానా?
ఇంత కోపంగానా?
పెదవి చివర ఆ వంకర... నవ్వేనా అది?

సిరా మిగిలితే ఇంకోటి తీశాను.
నలుపు ఎక్కువైంది.
దాన్నే మడిచి సంచీలో పెట్టుకున్నాను, టిమ్ మిషను కింద.

సోమవారం మొదటి బస్సు. కాజ దాటాక
పూలబుట్ట ముసలామె నా గోళ్ళు చూసి
"చేతికా నలుపేంటే?" అంది.
"నేనే" అన్నాను.
చిల్లర ఎక్కువిచ్చినట్టు
చూసింది నావైపు.