నిలబడే చోటు

విజయనగరం గంటస్తంభాన్ని తీయాలంటే
తెల్లారకముందే లేవాలి,
పూలబుట్టలూ ఆటోలూ దిగకముందు
కాస్త ఖాళీ దొరుకుతుంది.
శాలిహుండం ఇటుకల మీద ఎండ ఏటవాలుగా పడేది
సాయంత్రం నాలుగున్నర తర్వాతే;
వెనక వంశధార
పళ్లెంలో మిగిలిన మజ్జిగలా మెరుస్తుంది.
దన్నానపేట బండ దగ్గర
నేల మీద బోర్లా పడుకోవాలి,
మోచేతులకు పల్లేరుకాయలు గుచ్చుకున్నా సరే.

ఇరవై రెండేళ్లుగా నాకు తెలిసిన విద్య ఇదొక్కటే:
రాయి ఎక్కడికీ పోదు,
మనమే జరగాలి.

చేటమ్మ రాయి గురించి చెప్పింది మా చిన్నత్త.
టెక్కలి దాటాక, ఎడమ చేతి వైపు,
కొండ మీద ఒక ముసల్ది
వంగి చెరుగుతూ ఉంటుందట.
గాలి ఎటు వీస్తే అటు
పొట్టు ఎగిరినట్టు
మబ్బు తునకలు పోతుంటాయట.

బస్సు దిగి వెళ్లాను.
రెండు బండలు.
ఒకటి నిలువు, ఒకటి అడ్డం.
తూర్పు నుంచి చూస్తే విరిగిన రోలు,
దక్షిణం నుంచి ఏమీ కాదు.
లెన్సు మార్చాను, జీడితోటలోంచి చూశాను,
ఒక గోడెక్కి చూశాను,
కుక్క తరిమితే ఇంకో వైపు దూకాను.
ముసల్ది లేదు. చేట లేదు.

"అక్కడ్నించి అవుపడదు బాబూ"
అన్నాడొకాయన, బీడీ చెవి మీద పెట్టుకుంటూ.
పేరు బమ్మిడి దాలయ్య.
"మరెక్కణ్ణించి?"
చెయ్యెత్తి చూపించాడు.
అటు చూశాను.
ఆకాశం.

"కుందేటి మెట్ట ఉండేది,
దాని నెత్తి మీద నిలబడితేనే చేటమ్మ."
మెట్ట ఉన్నచోట ఇప్పుడొక గొయ్యి.
మెట్లు మెట్లుగా కోసిన అంచులు,
అడుగున పచ్చటి నీళ్లు,
నీళ్లలో తలకిందులుగా ఒక క్రేను.
నేను నిలబడవలసిన చోటు
ఆ నీళ్లకు అరవై అడుగుల పైన
గాలిలో ఉంది.
అందులోంచి ఒక కాకి వెళ్లింది, నిదానంగా.

"ఎవరు తవ్వారు?"
"ఎవులో ఏటి, మేవే.
పదకొండేళ్లు డ్రిల్లు పట్టాను నాను.
ఈ చెవి అప్పుడే పోనాది"
అని వినపడే చెవి నా వైపు తిప్పాడు.
నా దగ్గర ఇంకో ప్రశ్న లేదు.
ఆయనే అన్నాడు, కాసేపాగి,
"చేటమ్మకి పగులుంది బాబూ,
అందుకే కంపినీ ఒద్దన్నాది."

కెమెరాకి మూత పెడుతుంటే
"ఉండు" అని
ఒక ఇనప తట్ట దులిపి తెచ్చాడు.
లుంగీ ఎగగట్టి, గొయ్యి అంచున,
కొండకు వీపు పెట్టి వంగాడు.
మోకాళ్లు కొంచెం ఎడంగా,
తట్ట అంచు రెండు వేళ్ల ఎత్తు లేపి
చెరగడం మొదలెట్టాడు.
మెడ పక్కకి తిప్పుకున్నాడు,
మా చిన్నత్త కూడా ఇంతే,
పొట్టు కళ్లలో పడకుండా.
వెనక బండలు రెండూ మసగ్గా.
తట్టలోంచి కాస్త రాతిపొడి లేచింది.
నొక్కాను.

చూపించమన్నాడు. అరచేయి ఎండకు అడ్డుపెట్టి
తెర మీద చాలాసేపు చూశాడు.
"చేట కుదిరింది.
ముసల్ది నడుం ఇంకాస్త వంగాల.
ఇంకోటి తియ్యి, బేగి, ఎండ పోతంది."

తొమ్మిది తీశాను.

చీకటి పడే వేళ, హైవే మీద
మా బస్సు ముందొక లారీ.
దాని మీద ఒకే ఒక్క రాయి, గొలుసులతో కట్టి,
పక్కల నిండా డ్రిల్లు గాట్లు
దువ్విన తడి జుట్టులాగా.
తెల్లరంగుతో అంకె వేసి ఉంది, నూట పద్నాలుగు.
ఏ ఓడ ఎక్కుతుందో,
ఏ దేశంలో ఎవరి పేరు చెక్కించుకుని నిలబడుతుందో.
అక్కడ కెమెరాతో ఎవడో
ముందుకీ వెనక్కీ జరుగుతూ
పక్కవాళ్లని తప్పుకోమంటాడు.

బస్సు అద్దంలోంచి తీస్తే
అంకె ఒక్కటే వచ్చింది,
అదీ చెదిరి.