తోలుకొచ్చుకున్న మాట

అత్త మనమడి పెండ్లిలో
నా పక్క విస్తరి కాడ కూర్చొని
చిన్నాయన బాలహుస్సేని
బొక్క పీల్చుకుంటా పీల్చుకుంటా అన్నాడు:
"మీ జేజికి పెండ్లి యాడైంది?
మా పెదనాయన ఊరికే తోలుకొచ్చుకున్నాడు."

తోలుకొచ్చుకున్నాడు.
ఎద్దుకీ అదే మాట, ఆడమనిషికీ అదే మాట.
విస్తరి మడిచి లేచినాను గానీ
మాట మడత పడలేదు.

ఎదకడం నాకు వచ్చిన పనే.
ఇరవై ఆరేండ్లు కరెంటాఫీసులో
తప్పిపోయిన మీటర్ల లెక్కలు ఎదికి పెట్టినదాన్ని.

కోడుమూరు మసీదులో పుస్తకం
తొంభై రెండు నించి మొదలు.
అంతకు ముందుది?
"చెదలు చదివేసినాయి" అన్నాడు ముతవల్లి.

పాత ఓటర్ల జాబితాలో ఒక వరుస దొరికింది:
దూదేకుల పీరమ్మ, భర్త పెద్ద ఖాసీం, వయసు ముప్పై.
సంబరపడితి.
తెలిసిన వకీలు నవ్వినాడు:
"రాసేటోడు వాకిట్లోనే నిలబడి
గడప కాడ మగోని చెప్పులు చూసి రాసుకుంటాడమ్మా."

నాయన బడి సర్టిఫికెట్లో జూలై ఒకటి.
ఆ ఊరి పిల్లోళ్లంతా జూలై ఒకటినే పుట్టినారు,
అయివారి దయ.
జేజి లెక్క వేరే:
"యాభై రెండు కరువులో, గంజి కేంద్రం కాడ
నేను వరసలో నిలబడితే వీడు సంకలో.
రొండు గంటెలు పోసిరి,
ఒకటి వీని పేరు మీద."

కర్నూలు పాతబస్తీ, ఖాజీ గారి ఇల్లు.
తుంగభద్ర ఊళ్లోకొచ్చిన ఏడు
ఆ రిజిష్టర్లు మూడు దినాలు నీళ్లలో నానినాయంట.
ఆయన మనమడు ఇనాయత్
పాత ఎక్స్‌రే ముక్క దూర్చి
అతుక్కున్న పుటలు ఒకటొకటే ఊడదీస్తాడు.
నాకు ఉర్దూ రాదు.
దూదేకులోళ్లం,
నమాజుకు అరబ్బీ,
తిట్టుకోడానికీ ఏడ్చుకోడానికీ తెలుగు.

నాలుగు శనివారాలు.
ఆ పుటను రొండు సార్లు దాటేసినాం.
మేము పీరమ్మ కోసం చూస్తిమి,
అందులో పీరాన్‌బీ ఉండె.
బతికుండగా ఎవరూ పిలవని పేరు,
పెండ్లినాడు ఒక్కపూట కట్టుకొని విప్పేసిన చీర మాదిరి.

పిల్లోడు వేలుపెట్టి చదువుతున్నాడు:
వరుడు ఖాసీం, దూది పని, కోడుమూరు.
మెహర్, ఇరవై అయిదు రూపాయలు,
దూదేకే విల్లు ఒకటి.
(ఆ విల్లు మా అటకమీదనే ఉంది.
నరం తెగింది, కొయ్య తెగలేదు.)
సాక్షులు ఇద్దరు. ఒకడు చాకలి మద్దిలేటి.

రజబు నెల, పదమూడు వందల డెబ్బై మూడు.
ఫోనులో మార్చి చూస్తే
యాభై నాలుగు, మార్చి.

నేను వేళ్లు మడిచి లెక్కపెట్టినాను.
మళ్లీ పెట్టినాను.
పెండ్లయ్యింది, చిన్నాయనా.
తోలుకొచ్చుకున్నాడు, అదీ అయ్యింది.
రొండూ నిజమైతే ఏ మాట
నీ మొగాన కొట్టాల?

జేజి బొటనవేలి ముద్ర కింద
సిరా చెదిరి నాలుగు చిన్న చుక్కలు,
వాటి కింద అరచెయ్యంత కూడా లేని మరక.
"వరద మరక" అన్నాడు ఇనాయత్.
అయ్యుండొచ్చు.
నీళ్లకు వేళ్లుండవని నేను అనలేదు.
రొండేండ్ల పిల్లోడు తల్లి ఒళ్లో కూర్చొని
అమ్మానాయనల పెండ్లి చూస్తా
సిరాబుడ్డిలో చెయ్యి పెట్టి ఉంటే
ఎవరు మాత్రం కొడతారు, ఆ దినం?

"నకలు రాయమంటావా అక్కా, యాభై రూపాయలు."
రాద్దువులే నాయనా,
ముందు దీన్ని కొంచేపు ఎండలో పెట్టు,
ఇన్నేండ్లైనా చెమ్మ ఆరలేదు.

మిద్దె మీద, గాలికి లేవకుండా
పుట మూల మీద బొటనవేలు ఒత్తి
కూర్చున్నాను,
మధ్యాన్నం నమాజుకు పిలిచేదాకా.