సున్నా రీడింగు

కోట వీధి సందులు వెతుక్కుంటూ
సర్వే కాగితాలతో వచ్చింది సుగుణ టీచరు.
చెప్పులు బయట విడిచింది, వద్దన్నా విడిచింది.
పేరు అడిగింది. సింహాచలం అన్నాను.
మతం అడిగింది. లేదన్నాను.
పెన్ను ఆగింది.
"పేరు నిండా కొండని పెట్టుకుని
లేదంటారేంటి మాస్టారూ?"

పేరు మా అమ్మ పెట్టింది,
ముగ్గురు పోయాక నిలిచినవాణ్ణని.
అది ఆవిడ మొక్కు. నాకు సంతకం.

"లేదు అనడానికి ఇందులో గడి లేదండీ.
ఇతరములు అని వేసెయ్యనా?
లేదనుకోవడమూ ఓ నమ్మకమే కదా."

వెంటనే జవాబు రాలేదు.
ముప్పైయొక్క ఏళ్లు రేవులో నీటిమట్టం రాసినవాణ్ణి.
గంటకోసారి లాంతరెత్తి కొలబద్ద చూడటం,
పుస్తకంలో అంకె వెయ్యటం.
చేరిన కొత్తలో ఒక తెల్లవారుజామున
నీరు సరిగ్గా అడుగుగీత మీదికి దిగి నిలబడితే
రాయడానికేముందని గడి వదిలేశాను.
రత్నస్వామిగారు ఎర్ర పెన్సిలు తీశారు.
"సున్నా వేస్తే, చూశావని.
ఖాళీ వదిలితే, పడుకున్నావని."

నాది సున్నా అనుకున్నాను చాలా కాలం.
చూశాను. లేదు. వేశాను.
కొంచెం గర్వంగానే వేశాను.

తర్వాత హుద్‌హుద్ వచ్చింది.
కిటికీ రెక్క ఎగిరి పక్కవాళ్ల డాబా మీద పడింది.
గోడకి అటు కరీముల్లా కుటుంబం గొంతెత్తి చదువుతోంది,
ఇటు మా పైడమ్మ అప్పన్నని తిడుతూ పిలుస్తోంది.
నేను తలుపుకి భుజం ఆనించి నిలబడ్డాను.
ఎవరినీ పిలవలేదు.
పిలవకూడదనీ అనుకోలేదు.
తలుపు బరువుగా ఉంది, అంతే.
ఆ పూట గడి ఖాళీ.
కానీ రత్నస్వామిగారూ, నేను పడుకోలేదు.

"నువ్వూ ఏటో గొణిగావు" అంటుంది పైడమ్మ ఇప్పటికీ.
"పెదాలు కదిలాయి, నా కళ్లతో సూసాను."
లెక్కపెట్టి ఉంటాను, అంటాను,
ఒక విసురుకీ ఇంకో విసురుకీ మధ్య ఎన్ని సెకన్లో.
"లెక్కే అనుకో," అని
బియ్యంలో రాళ్లు ఏరుకుంటుంది.

ఇదంతా టీచరుకి చెప్పలేదు.
ఆవిడకింకా నలభై ఇళ్లున్నాయి.
పెన్సిలుతో వేయండి, అన్నాను.
ఆవిడ దగ్గర పెన్నే ఉంది.
ఏదో రాసింది. తొంగి చూడలేదు.

చెప్పులు వేసుకుంటూ అడిగింది,
ఊరికే, మాట కలపడానికి:
"ఇంతకీ సముద్రం ఇప్పుడు
పోటు మీదుందా, తీస్తోందా మాస్టారూ?"

తీస్తోంది, అన్నాను వెంటనే.
గాల్లో బురదవాసన ఉంది.

కొలబద్ద చూసి పదేళ్లయింది.