ముప్పై అడుగుల లోపు

"ఇంటికి ముప్పై అడుగుల లోపు చెట్లెన్నండీ?" అంది శ్రీలత,
కోలావారమ్మాయి. పంటు దిగి స్కూటీ మీదొచ్చింది,
మోకాళ్ళ దాకా బురద, ఒళ్ళో ట్యాబు.

లెక్క చెప్పకుండా లేచి చూపించాను.
నలభై ఏళ్ళుగా కాళ్ళకి బందమేసుకుని ఎక్కుతున్నవాణ్ణి,
చెట్టుని అంకెతో పిలవడం నాకు రాదు.
అదిగో, కుంటిది. తొంభయ్యారు గాలికి మొవ్వు మెలిపడింది.
ఆ రెండూ కవలలు.
వంటింటి మీదికి వంగిందే, అది సూరమ్మ.
మా అత్తగారు పాతింది, పేరూ ఆవిడదే.
ఆవిడలాగే చెప్పిన మాట వినదు, ఏటివైపే చూస్తుంది.
"అంటే, పదకొండా?"
"పదమూడు," అంది లోపల్నుంచి వీరవేణి.

తర్వాత, ఫైరింజను ఎంత దూరం?
రాజోలు నుంచి రావాలి. రోడ్డు అరగంట.
ఆపైన పాయ. పంటు.
పంటు నడిపే కామేశు అన్నానికెళ్తే
ఇంజను ఆ గట్టునే గంట కొడుతూ ఉంటుంది,
ఈ గట్టున మా పీచుకుప్ప తీరిగ్గా కాలుతుంది.
అమ్మాయి నవ్వింది. కిలోమీటర్లు పన్నెండని కొట్టింది.
పాయ వెడల్పుకి అందులో గడి లేదు.

అరుగు మీద మూడు కాయితాలు పరిచింది.
మొదటిది చవక. నిప్పుకీ దొంగకీ.
దొంగ ఇంత దూరమొచ్చి ఏం పట్టుకెళ్తాడు, కత్తీ మోకూనా?
రెండోది గాలికిస్తుంది, వరదకివ్వదు.
మా దగ్గర ఆ రెండూ చేతులు పట్టుకునే వస్తాయమ్మా,
గాలి కప్పు తీస్తే నీళ్ళు గోడ తీస్తాయి,
ఏ పెంకు ఎవరు తీశారో ఎవరు పంచుతారు?
మూడోది రెండిటికీ. సామానుకి వేరే. ధర కూడా అలాగే ఉంది.

సన్నక్షరాల దగ్గర వీరవేణి కళ్ళజోడు పెట్టుకుంది.
బియ్యంలో రాళ్ళేరినట్టు ఒక్కో మాటా ఏరింది.
"నిర్లక్ష్యం చేసిన చెట్టు పడినచో..." అన్నచోట ఆగి,
"నిర్లక్ష్యమని ఎవరు చెప్తారు?" అనడిగింది.
"సర్వేయరుగారండి."
"ఆయన చెట్టెక్కుతాడా?"

దాని కిందే ఇంకో ముక్క.
నేల కోసుకుపోతే బాధ్యత లేదట.
మూడు కంపెనీలదీ అదే వాక్యం, ఒకే చేత్తో రాసినట్టు.
నేను ఏటివైపు చూశాను.
ఇల్లరికం వచ్చిన ఏడు, ఇంటికీ గట్టుకీ మధ్య ఆరు వరసల చెట్లు.
ఇప్పుడు రెండున్నర.
ఆ అర వరసకి సగం వేళ్ళు గాల్లోనే ఉన్నాయి,
ఎర్రనీరొచ్చిన ప్రతిసారీ కాస్త మట్టి అప్పడుగుతుంది,
ఇచ్చింది తిరిగి రాదు.
ఎవరూ ఏమీ మాట్లాడలేదు కాసేపు.

"సూరమ్మని కొట్టేస్తే కిస్తీ తగ్గుతుందండి,"
మెల్లగా అంది అమ్మాయి.
మనిషి పేరు తలిచినట్టే తలిచింది, అందుకే కోపం రాలేదు.
వీరవేణి వేళ్ళు మడిచింది.
నలభై అయిదు రోజులకో దింపు, ఏడాదికి ఎనిమిది.
దింపుకి పదిహేను కాయ. ఉడత కొట్టినవి తీసెయ్.
కూలి లేదు, ఎక్కేది మొగుడే.
"మూడోదాని కిస్తీకి సూరమ్మ కాయ సరిపోద్ది. కొట్టం."
మీద పడబోయే చెట్టే
పడేదాకా ఆ కిస్తీ కడుతుందన్నమాట!
కంపెనీవాళ్ళకి ఈ సంగతి తెలియక్కర్లేదు.
దొమ్మేటి ఏడుకొండలు అని సంతకం చేశాను,
కొమ్ములు కాస్త వంకరపోయాయి.

ఇంటికి నాలుగువైపులా ఫొటోలు తీసుకుంది అమ్మాయి.
తూర్పు ఫొటోలో ఇల్లు లేదు, అన్నీ మట్టలే.

సాయంత్రం బందమేసుకుని సూరమ్మనెక్కాను.
ఎండుమట్టలు నరికాను, తాలు గెల ఒకటి దించాను,
రేపు ఏ సర్వేయరూ నిర్లక్ష్యమనకుండా.
పైనుంచి చూస్తే పాయ మధ్యలో పంటు,
దాని మీద చుక్కంత మనిషి
తడవకుండా ట్యాబుని నెత్తిమీదికెత్తి పట్టుకుంది.
కింద నుంచి వీరవేణి కేకేసింది:
"ఆ బందం పీచు లేచిపోయింది చూసుకో,
దానికేమన్నా రాయించావా?"