కుడిపక్కకు

పొక్లెయిన్ అమ్మి కొన్నడు కుర్మయ్య దీన్ని.
కాల్వ పని బిల్లులు ఆగి ఆగి వచ్చిన ఏడు.
దేవరకద్ర సగం నవ్వింది,
మిగతా సగం ఇంకా నవ్వుతనే ఉన్నది.

జడ్చర్ల ఫ్లైఓవర్ పక్కన నా షెడ్డు.
స్ప్లెండర్లు, ప్లాటినాలు, పాలక్యాన్ల టీవీఎస్‌లు,
మలుపు తిరగకముందే వాటి రోగం నాకు వినబడుతది.
ఇది వచ్చిన పొద్దు మాత్రం
స్పానర్ చేతిల పట్టుకొని ఊకే నిలబడ్డ.

రెండు సిలిండర్లు చెరొక దిక్కు బయటికి,
కురుమూర్తి జాతరల
మోచేతులతోని తొవ్వ చేసుకునే ముసలమ్మ తీరు.
టాంకు మీద రెక్కలిప్పిన గద్ద.
మోటో గుట్సీ అనాలంట.
దేవరకద్రల అందరు గుజ్జి అంటరు, మామిడిపండు గుజ్జు లెక్క.
"చెయినేది కుర్మయ్యా?"
"లేదు గౌసన్నా, లోపల రాడ్ తిరుగుతది, లారీకి తిరిగినట్టు."

ఇటలీల ఏదో చెరువొడ్డు ఊరంట.
వందేండ్ల సంది ఆ ఒక్క ఊర్లనే చేస్తున్నరంట.
పని కోసం ఊరిడువని బండి!
పాలమూరోళ్ళం, మాకెట్ల నమ్మబుద్ధయితది?

ఒప్పుకోవాలె, దీన్ల అన్నీ వంకలే.
గేరేస్తే తలుపు గొళ్ళెం పడ్డ చప్పుడు.
ఎండకాలం మోకాళ్ళు రెండూ కమురుతయి.
నిలబెట్టి రేజ్ ఇస్తే
కుడిపక్కకు ఒక్క ఉలుకు ఉలుకుతది,
కొత్తగ కట్టేసిన కోడె పలుపు గుంజినట్టు.
"ఇది తప్పు కాదా?" అన్న.
"తప్పే," అన్నడు.
మళ్ళొకసారి రేజ్ ఇచ్చిండు, అది చూసుకునేటందుకే.

ఆయిల్ కారుడు మొదలైతే గ్యాస్కెట్ దొరకలే.
ముంబైల అడిగితే నాలుగు నెలలన్నరు.
కుర్మయ్య మేనకోడలు పెండ్లిపత్రిక అట్ట తీసి
అంచుల పొంటి సుత్తెతోని తట్టుకుంట తట్టుకుంట కోసిన.
వాల్వ్ కవర్ కింద ఇప్పటికీ
సకుటుంబ సపరివార సమేతంగా ఉన్నది.
చుక్క కారలే.

వాల్వులు సరిచేయనీకి దేన్నీ విప్పి కుప్ప పెట్టే పని లేదు.
బకెట్ బోర్లేసి కూసుంటే
సరిగ్గ బర్రె పొదుగెత్తుల ఉంటయి.
ముప్పయ్యేండ్ల పనిల
ఏ ఇంజనూ నాకింత ఎదురొచ్చి కూసోలే.

బిల్లు కట్టనీకి ఒకసారి ఆమె వచ్చింది, బాలకిష్టమ్మ.
తిడుతదనుకున్న.
"పొక్లెయిన్ ఉన్నప్పుడు ఇంటికొచ్చి పండుకునేటోడు," అన్నది.
"ఇప్పుడు ఇంటికొచ్చి మాట్లాడుతుండు.
దాని గురించేలే.
మాటలైతే మాట్లాడుతుండు."

ఎందుకు కుర్మయ్యా, అంత పైసలు పెట్టి?
చానాసేపు టాంకు తుడుచుకుంట ఉన్నడు.
"పన్నెండేండ్లు ఆ డబ్బల కూసున్ననన్నా.
ఎంత దూరం పోయిన?
ఇరవై గజాలు ముందుకు, ఇరవై గజాలు ఎనుకకు."
అది జవాబు కాదని ఆయనకూ తెలుసు.
తాళంచెవి నా దిక్కు ఇసిరిండు.
"భూత్పూర్ దాకా పోయి రా."

మొదట ఒళ్ళంత వణికింది, సారా తాగిన పిండిగిర్ని లెక్క.
అరవై దాటినంక వణుకు బండిల లేదు.
యాడికి పోయిందో చూస్తే నా గుండెల కింద దొరికింది.
భూత్పూర్ వచ్చింది, పోయింది.
అడ్డాకుల వచ్చింది.
పల్లిచేన్లు, రాళ్ళగుట్టలు, ఒక గొర్లమంద
అన్నీ నన్ను చూసి పక్కకు జరిగినయి.
కొత్తకోట కాడ గాని మలగలే.
కుర్మయ్య ఏమీ అనలే.
ఆలస్యమెందుకైందో అడగనే లేదు.

తెల్లారి ఒక ప్లాటినా వచ్చింది, బ్రేక్ షూలకు.
అలవాటు కొద్ది రేజ్ ఇచ్చి చూసిన.
బుద్ధిమంతురాలు, నిటారుగ నిలబడ్డది.
"ఉస్తాద్," అన్నడు షెడ్డుల పోరడు,
"గట్ల కుడిపక్కకు ఒంగుతున్నవేంది?
నడుము పట్టిందా?"