వుయ్ అంటే ఎవరు

గురువారం సాయంత్రం ఆరున్నర.
బెండిగో లైబ్రరీ మేడమీద, హీటరు పక్క బల్ల.
పగలంతా ఆసుపత్రి లాండ్రీలో దుప్పట్లు మడిచిన చేతులు
పెన్సిల్ని కూడా నాలుగు మడతలు పెట్టాలని చూస్తాయి.

"నాకు ఇంగ్లీషు రాదు" అంటాం మన భాషలో,
అదేదో రావలసిన చుట్టమైనట్టు,
గుమ్మం కడిగి, చెంబుతో నీళ్ళు పెట్టుకుని
కూచుంటే చాలన్నట్టు.
రెండేళ్ళు అలాగే కూచున్నాను.
వీధి చివరిదాకా వచ్చేది,
నన్ను చూసి సందు తిరిగిపోయేది.

ఇక నేనే బయల్దేరాను.

మాటలు ముందు దొరికాయి.
మాటలు తేలిక, జేబులో పడతాయి.
స్టెయిన్: బ్లీచి పోసినా వదలని మరక.
హెమ్: దుప్పటి అంచు, దారం ఊడితే నా తప్పు.
లింట్: డ్రయ్యరు జాలిలోంచి రోజూ నేను దులిపే
బూడిదరంగు మబ్బు.
దానికీ ఒక పేరుందని తెలిసిన రోజు
ఎందుకో చాలా సంతోషపడ్డాను.
అట్ట చిరిగిన నోటుబుక్కులో ఏడువందల నలభై మాటలు.
ఇటికలైతే ఉన్నాయి.
సున్నం లేదు.

ఎ, ది, ఇన్, ఆన్.
ఈగంతేసి మాటలు,
నన్ను ఏడిపించినవన్నీ అవే.
కారులో అయితే ఇన్, బస్సులో అయితే ఆన్.
ఆన్ అంటే పైన కదా అంటే అందరూ నవ్వారు.
నేను నిజంగానే పైన ఎక్కినదాన్ని,
సాలూరు సంతరోజు, బస్సు టాపుమీద,
చింతపండు బుట్టల మధ్య.
ఆ ఒక్క ప్రయాణంలోనే నా వ్యాకరణం సరిగ్గా ఉంది.

నా పక్కన పావ్ వా, కరెన్ ఆవిడ, కోళ్ళ ఫ్యాక్టరీలో పని.
గో అని రాస్తుంది. పక్కన వెంట్ అని రాసి
కిటికీ వైపు చూస్తుంది చాలాసేపు.
గతకాలం అందరికీ ఒకేలా ఉండదు.
మెరిన్ టీచరు తొందరపెట్టదు.

ఆ వారమే నేను
"ఐ యామ్ హేవింగ్ టూ సిస్టర్స్" అన్నాను.
మెరిన్, మెత్తగానే, ఎర్రపెన్ను మూత తీయకుండానే,
"వుయ్ డోంట్ సే దట్" అంది.

వుయ్.
తప్పు సంగతి అక్కడే మర్చిపోయాను.
వుయ్ అంటే మేమా, మనమా?
మా వైపు మూడేళ్ళ పిల్లకీ తెలుసు తేడా:
మేం తిన్నాం అంటే నీకు లేదని,
మనం తిందాం అంటే కంచం తెచ్చుకోమని.
సముద్రాలన్నీ దాటిన భాష
ఈ ఒక్క తలుపూ పెట్టించుకోలేదు.
తలుపులేని గుమ్మంలో నిలబడ్డాను,
లోపలున్నానో బయటున్నానో తెలీక.

అడగలేదు.
అడగడానికి కావలసిన వాక్యం నా దగ్గర లేదు.

జూలై చివర. చెవులు కోసే చలి.
మెరిన్ కారు రిపేర్లో ఉంది.
మేమిద్దరం మలుపు తిరిగేసరికి
చివరి బస్సు కదిలిపోతోంది.
పరిగెత్తాం,
ఆవిడ అరవయ్యేళ్ళ మోకాళ్ళతో,
నేను నోటుబుక్కు గుండెకి అదుముకుని.
అందలేదు.
స్తంభం పట్టుకుని రొప్పుతూ, నవ్వుతూ అంది:
"వుయ్ మిస్డ్ ఇట్."

మనం.
అనుమానమే లేదు.
ఆ వుయ్‌లో నా రొప్పు కూడా ఉంది.

టాక్సీ కోసం చూస్తూ చెప్పాను, విరిగిన వాక్యాల్లోనే,
మా దగ్గర వుయ్‌లు రెండని.
ఒకటి నిన్ను బయట ఉంచేది, ఒకటి లోపలికి పిలిచేది.
ఆవిడ మూతి తిప్పుకుంటూ పలికింది: మే-ము. మ-నం.
మూడుసార్లు తప్పింది.
నాలుగోసారికి టాక్సీ వచ్చింది.

తలుపు తీసి, లోపలికి జరిగి,
పక్క సీటు మీద చేత్తో తట్టి,
పరీక్ష పాసైన పిల్లలా గర్వంగా
"మేము" అంది.

"వుయ్ డోంట్ సే దట్" అన్నాను.