మెత్తన గుర్తు

నవంబరు.
పొయ్యిలో ఎండుపేడ అంటుకునేలోగా
బాల్‌పెన్నులో సిరా గడ్డకడుతుంది.
చంకలో పెట్టుకుని కరిగించుకోవాలి.
మంగోలియాలో ఈ మూల
అందరిదీ చలికాలం చదువే.

ఒకటో తరగతిలో పదకొండుమంది.
ఉన్నివాసన, పొగవాసన, కొత్త పుస్తకం జిగురువాసన
ఒకే బల్ల మీద ఇరుక్కుని కూర్చుంటాయి.
నేను నగరం నుంచి వచ్చినదాన్ని.
బస్సు నంబరు తప్ప
దేన్నీ దూరం నుంచి ఆనవాలు పట్టలేను.

ఆ రోజు బొమ్మల కింద మాటలు రాయడం.
ఇల్లు. కుండ. పాలు. గుర్రం.
గుర్రానికి మా భాషలో నాలుగక్షరాలు.
మూడు పలుకుతాయి, చివరిది పలకదు.
"మరి అదెందుకు టీచర్?"
"ముందున్నదాన్ని మెత్తబరుస్తుంది.
మెత్తన గుర్తంటారు దాన్ని.
నోరు మూసుకుని రాయి."

అందరూ రాశారు.
తెర్గెల్ మాత్రం గుర్రం బొమ్మ కింద
'హేర్' అని రాశాడు.
తప్పన్నాను. ఎర్రగీత గీశాను.
వాడు బొమ్మ మీద వేలు పెట్టి
చిన్నపిల్లకి నచ్చజెబుతున్నట్టు,
"ఒళ్లు ముదురెరుపు, జూలు నలుపు. హేర్ కాక ఏమవుద్ది?
జూలు కూడా ఎర్రగా ఉంటే
జేర్ద్ అని రాసేవాణ్ణి."
తరగతంతా తలూపింది.
"పుస్తకంలో గుర్రమనే ఉంది" అన్నాను.
"ఉత్త గుర్రాన్ని నేనెప్పుడూ చూళ్లేదు" అన్నాడు.

పదికి తొమ్మిది వేశాను.
మిగిలిన ఆ ఒక్క మార్కు
చాలా రోజులు నా జేబులోనే ఉండిపోయింది.

ఫిబ్రవరిలో
గడ్డి మీద మంచు, మంచు మీద
గాజులాంటి ఇంకో మంచు.
గిట్ట దిగదు, మూతి దిగదు.
దానికీ ఒక మాటుంది, జుద్ అని.
వాచకంలో లేదు.
హాస్టల్లో పిల్లలు దాన్ని పైకి అనరు.
సోమవారం ఉత్తరాల సంచీ వస్తే
ఎవరూ పరిగెత్తలేదు.

మార్చిలో తెర్గెల్ నాన్న బదార్చ్ వచ్చాడు,
మోటారుసైకిలు మీద, రెండు చేతులకీ కట్లతో.
మంచు నాలుగు వేళ్లు తీసుకుంది.
జిల్లా ఆఫీసు కాగితాన్ని మోచేత్తో బల్ల మీద పరిచాడు.
చనిపోయిన పశువులు:
ఒంటెలు, గొర్రెలు, గుర్రాలు.
ఒక్కోదానికి ఒక్కో గడి. సంఖ్య వేయాలి.
"నువ్వు రాయి. చదువుకుంటున్నావుగా"
అన్నాడు కొడుకుతో.

ఒంటెలకి సున్నా చుట్టాడు.
గొర్రెలకి నూట నలభై.
గుర్రాల దగ్గర కలం ఆగింది.
ఆగి, గడి దాటి, గీత దాటి,
కాగితం అంచుదాకా నడుచుకుంటూ పోయింది.
హేర్.
జేర్ద్.
సారల్.
మళ్లీ హేర్, ఇది నుదుట చుక్క ఉన్నది.
ఒక్కో మాటకీ బదార్చ్
తలుపు వైపు చూశాడు.

"టీచర్, హొంగోర్‌లో రెండో ఒ రాయాలా?"
"రాయాలి."
తర్వాతి మాట నేను విననే లేదు ఎప్పుడూ.
చెమట పడితే పొట్టకింద పొగరంగు తేలే గుర్రమట,
వాళ్ల తాత పెట్టుకున్న మాట.
నిఘంటువు తీశాను. వేలు పైకీ కిందికీ తిప్పాను.
వాడు కలం ఎత్తి ఓపిగ్గా నిలబడ్డాడు.
"నీకెలా వినబడితే అలా రాయి" అన్నాను.
పదేళ్లలో ఏ పిల్లాడికీ
నేనా మాట చెప్పలేదు.

చివరిది తుఫాను రాత్రి పుట్టింది, నెల ముందే.
మొదటి బొచ్చు రాలేదాకా
ఏ రంగు గుర్రమో ఎవరూ చెప్పలేరట.
తెర్గెల్ తండ్రి మొహం చూశాడు.
తండ్రి కట్టు చూసుకున్నాడు.
అప్పుడు వాడు, చాలాసేపటికి,
పుస్తకంలో ఉన్న మాటే రాశాడు.
నాలుగక్షరాలు, గుండ్రంగా, ఒక్క తప్పు లేకుండా.
చివరిదాని దగ్గర
నోరు మూసుకుని.

వారానికి కాగితం తిరిగొచ్చింది,
గుర్రాల గడిలో సంఖ్య మాత్రమే వేయమని.
కొత్త కాగితం మీద
ఏడు అని నేనే వేశాను.
నా దస్తూరీ బావుంటుందని
ఆఫీసులో అందరూ అంటారు.